"ఇండెక్స్ ఫ్రాగ్మెంటేషన్ సున్నా చేస్తాం" అనే ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

కోపం ఇంకా చల్లారలేదు, కాస్త గజిబిజిగా రాస్తే సర్దుకోండి. చిన్న వ్యాపారాలకు ఫోన్ చేసి "మీ డేటాబేస్ హెల్త్ చెకప్ ఫ్రీ సార్" అని మొదలుపెట్టి, చివరికి ట్యూనింగ్ ప్యాకేజీ అంటగట్టే బ్యాచ్ గురించే ఇదంతా. మీలో చాలామందికి ఆ ఫోన్ వచ్చే ఉంటుంది. మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్, స్టాండర్డ్ ఎడిషన్, బిల్లు లైన్ల టేబుల్ ఒక్కటే కోటి వరుసలు దాటింది, నెలాఖరులో పార్టీల బకాయిల రిపోర్ట్ ఎంతకీ తెరుచుకోదు. డబ్బు ముందే కట్టించుకున్నారు.

ఇండెక్స్ అంటే వరుసలను త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక, దాని పేజీలు వరుస తప్పి చెల్లాచెదురు కావడమే ఫ్రాగ్మెంటేషన్. వాళ్ళిచ్చిన ఫ్రీ రిపోర్ట్ నిండా ఎర్ర గీతలే. ఏరియా మాస్టర్ 80 శాతం ఫ్రాగ్మెంటేషన్, ట్యాక్స్ మాస్టర్ 75 శాతం, అన్నీ "క్రిటికల్". ఒక్కో టేబుల్ పట్టుమని పది పేజీలు కూడా లేదు. పేజీ అంటే డేటా దాచే 8 కేబీ ముక్క. 1000 పేజీల లోపు ఇండెక్స్‌ల ఫ్రాగ్మెంటేషన్ పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్ట్ సూచనల్లోనే ఏళ్ళ తరబడి ఉంది, పైగా అంత చిన్నవాటిని రీబిల్డ్ చేసినా, అంటే ఇండెక్స్‌ను మళ్ళీ కొత్తగా కట్టినా, ఆ శాతం చాలాసార్లు దిగదు. అలాంటివి చూపించి భయపెట్టడం మోసం కాక మరేమిటి?

సరే, రాత్రి షాపు మూశాక రీబిల్డ్ చేశారు. స్టాండర్డ్ ఎడిషన్‌లో ఆన్‌లైన్ రీబిల్డ్ ఉండదు, పని జరుగుతున్నంతసేపు టేబుల్ లాక్ అవుతుంది కాబట్టి రాత్రే చేయాలి, అక్కడివరకు తప్పు పట్టను. తెల్లారేసరికి మెయిల్: బిల్లు లైన్ల ఇండెక్స్ సున్నా శాతం అని స్క్రీన్‌షాట్, "డేటాబేస్ సైజ్ కూడా బాగా తగ్గించాం" అని కింద ఒక లైన్. బకాయిల రిపోర్ట్ నిజంగానే చకచకా వచ్చింది. వారం తిరక్కుండా మళ్ళీ పాత కథే.

అప్పుడు నేనే కూర్చుని, ఫ్రాగ్మెంటేషన్ శాతం చూపించే ఇండెక్స్ ఫిజికల్ స్టాట్స్ క్వెరీ నడిపాను. అదే ఇండెక్స్, 98 శాతం! వారం బిల్లులకే అంత పెరగడం దాదాపు అసాధ్యం. వాళ్ళకు ఫోన్ చేస్తే, ఆ పని చేసినవాడు "మేం సున్నా చేసి ఇచ్చాం సార్, ఆ తర్వాత మీవాళ్ళు ఏం కెలికారో మాకేం తెలుసు" అన్నాడు. మా కుర్రాళ్ళ మీదికి నెట్టేశాడన్నమాట. సర్వర్ తనంతట తానే రాసుకునే చిట్టా, అంటే డిఫాల్ట్ ట్రేస్, తెరిచాను. వాడి లాగిన్‌తోనే, అదే రాత్రి, డేటాబేస్ ఫైల్ సైజ్ తగ్గించే ష్రింక్ కమాండ్ నడిచింది. స్క్రీన్‌షాట్ మూలన గడియారం 11:40. ష్రింక్ మొదలైంది 12:05కి. అంటే సున్నా కనిపించగానే ఫొటో తీసుకుని, ఆ తర్వాత తన పనిని తనే పాడుచేసి, పాత ఫొటో మాకు పంపాడు. ష్రింక్ ఏం చేస్తుంది? ఫైల్ చివర ఉన్న పేజీలను ఒక్కొక్కటే తీసి ముందున్న ఖాళీల్లో పడేస్తుంది, ఇండెక్స్ వరుసతో దానికి పనిలేదు. పుస్తకాలన్నీ వరుసగా సర్దిన బీరువాను తలకిందులుగా వంచినట్టే. డేటాబేస్‌లు చూసేవాళ్ళు మొదట్లోనే నేర్చుకునే విషయం ఇది. రుజువు వాట్సాప్‌లో పెడితే జవాబు: "ష్రింక్ కాంప్లిమెంటరీ సార్. ఫ్రీగా చేసినదానికి కూడా నిలదీస్తారా?" ఆ తర్వాత నంబర్ బ్లాక్.

అన్నిటికంటే మండిపోయేది ఏంటంటే, మా జబ్బు అసలు ఫ్రాగ్మెంటేషనే కాదు. ఆ వారంలో రిపోర్ట్ వేగంగా వచ్చిన రోజుల్లో కూడా ఇండెక్స్ ఆ 98 దగ్గరే ఉండి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ మీద పేజీలు చెల్లాచెదురుగా ఉన్నా పెద్ద తేడా రాదు. రీబిల్డ్ చేస్తే ఆ ఇండెక్స్ స్టాటిస్టిక్స్ (ఏ విలువలు ఎన్ని వరుసల్లో ఉన్నాయో సర్వర్ పెట్టుకునే లెక్కలు) కూడా మొత్తం డేటా చదివి కొత్తగా తయారవుతాయి, వేగం దానివల్లే వచ్చింది. మా డేటాబేస్ కంపాటిబిలిటీ, అంటే ఏ వెర్షన్‌లా నడవాలో చెప్పే సెట్టింగ్, ఇంకా 2012 లెవెల్. అందులో టేబుల్‌లో 20 శాతం, దానిమీద 500 వరుసలు మారితే తప్ప స్టాటిస్టిక్స్ వాటంతటవి అప్‌డేట్ కావు. కోటి వరుసలకు 20 లక్షల మార్పులు కావాలి! ఈలోపు కొత్త తేదీల బిల్లులు ఉన్నట్టే సర్వర్‌కు తెలియదు, ఒకటో రెండో వరుసలనుకుని డేటా ఎలా వెతకాలో తప్పుడు ప్లాన్ వేస్తుంది. నేను ఆ టేబుల్‌కు స్టాటిస్టిక్స్ అప్‌డేట్ ఒక్కటే నడిపాను, రిపోర్ట్ మళ్ళీ దారిలో పడింది. ఇండెక్స్ మాత్రం ఇప్పటికీ 98లోనే ఉంది. ఇప్పుడు రోజూ రాత్రి ఆ అప్‌డేట్ జాబ్ నడుస్తోంది, ఖర్చు లేదు.

ఎవరైనా ఫ్రాగ్మెంటేషన్ శాతాలు చూపిస్తే పక్కన పేజీ కౌంట్ కాలమ్ కూడా అడగండి. ముందు స్టాటిస్టిక్స్ అప్‌డేట్ చేసి చూడండి. రీబిల్డే కావాలంటే ఓలా హాలెన్‌గ్రెన్ అనే డేటాబేస్ నిపుణుడు రాసిన స్క్రిప్టులు ఉచితంగానే దొరుకుతాయి, కాకపోతే మార్పులన్నీ నమోదయ్యే ట్రాన్సాక్షన్ లాగ్‌కు డిస్క్‌లో చోటు ఉందో లేదో చూసుకోండి. అనుమానం వస్తే డిఫాల్ట్ ట్రేస్ ఫైళ్ళు వెంటనే కాపీ చేసి పెట్టుకోండి, ఐదు ఫైళ్ళే తిరుగుతాయి, పాతవి చెరిగిపోతాయి. బయటివాళ్ళకు ఇచ్చిన అడ్మిన్ లాగిన్ పని అవ్వగానే డిసేబుల్ చేయండి. మా సర్వర్‌లో వాడిది నిన్నటిదాకా పనిచేస్తూనే ఉంది.