రెడీ పాట వినిపించాలా, పిల్లలతోనే రాయించాలా?

ఫుడ్ అలర్జీ గురించి టీనేజ్ పిల్లలకి చెప్పాలంటే రెడీగా ఉన్న పాట ప్లే చేయడం ఈజీనే, 3 నిమిషాల్లో అయిపోతుంది, ట్యూన్ కూడా నోట్లో ఆడుతుంది, కానీ అందులో మాట ఎంతమందికి ఎక్కుతుందో నాకైతే డౌటే.

అదే వాళ్లతోనే ర్యాప్ రాయించారనుకోండి, టైమ్ పడుతుంది, ప్రాస కోసం తప్పులు దొర్లుతాయి, డాక్టర్‌కి చూపించి తీరాలి, అయినా నా ఓటు దీనికే. ఎందుకంటే గొంతు వాచి ఊపిరాడనప్పుడు అలర్జీ మాత్ర సరిపోదు, ఎపినెఫ్రిన్ (ఇలాంటి తీవ్రమైన అలర్జీకి ఇచ్చే అత్యవసర మందు) ఇంజెక్షన్ వెంటనే తొడ బయటి వైపు ఇచ్చి అంబులెన్స్ పిలవాలి అని లైన్ రాయాలంటే ముందు అది అర్థం చేసుకోవాలి కదా. పైగా ఈ వయసులో ఫ్రెండ్స్ ముందు సిగ్గుపడి, ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన ఆ ఇంజెక్షన్ ఇంట్లోనే వదిలేసే అలర్జీ ఉన్న పిల్లలుంటారు పాపం, పక్కనున్నవాళ్లే ఆ పాట రాసుంటే "తెచ్చావా?" అని అడగడం మామూలైపోతుంది.