తేనెమైనం కొవ్వొత్తుల కిట్: మైనం మేలైనది, వత్తి సన్నది

ఆన్‌లైన్‌లో 1,350 రూపాయలకు కొన్న ఈ కిట్‌లో అర కిలో తేనెమైనం గుళికలు, పది మిల్లీలీటర్ల చొప్పున లావెండర్, నిమ్మగడ్డి, నారింజ తొక్క నూనెలు, నూలు వత్తులు, మూడు రేకు డబ్బాలు, ఒక థర్మామీటరు ఉన్నాయి.

మైనం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. సంచి విప్పగానే తేనెపట్టు వాసన వచ్చింది. పోసిన కొవ్వొత్తి మీద మూడు వారాలకు బూడిద పూసినట్లు తెల్లటి పొర ఏర్పడింది. చాలామంది దానిని బూజనుకుంటారు గానీ, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయే ఆ పొర తేనెమైనానికి సహజమే. ఈ మైనం 62 నుంచి 64 డిగ్రీల వద్ద గాని కరగదు కనుక, సోయా మైనం కొవ్వొత్తులు ఒరిగిపోయిన మా విజయవాడ ఇంటి పడమటి గదిలో, మే నెల ఎండల్లోనూ నిటారుగా నిలబడింది.

చిక్కు సూచనల కాగితంతో వచ్చింది. డబ్బాకు ఇరవై చుక్కల నూనె చాలని అందులో రాశారు. ఇరవై చుక్కలంటే సుమారు ఒక మిల్లీలీటరు; 150 గ్రాముల మైనంలో అది ఒక శాతమైనా కాదు. పైగా మైనం 85 డిగ్రీల వేడిలో ఉండగానే నూనె కలపమన్నారు. అలాగే చేస్తే నారింజ వాసనతో వంటిల్లంతా ఘుమఘుమలాడింది గానీ, వెలిగించిన గంట తరువాత కూడా కొవ్వొత్తి నుంచి తేనె వాసన తప్ప మరేమీ రాలేదు. రెండోసారి నీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి మైనం కరిగించి, దించి, 70 డిగ్రీలకు చల్లారాక ఏడు గ్రాముల నిమ్మగడ్డి నూనె పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలిపాను. ఈసారి గది నిండింది. తేనెమైనానికి సొంత వాసన ఉండడం వల్ల లావెండర్ వంటి మృదువైన నూనెలు దాని కింద అణగిపోతాయి, నిమ్మగడ్డి ఘాటు మాత్రం నిలుస్తుంది. మన దగ్గరే సాగయ్యే నిమ్మగడ్డిని వెనక్కి నెట్టి పెట్టె మీద లావెండర్ పూల బొమ్మ ఎందుకు వేశారో తెలియదు. ఇలాంటి నూనెల వాసనకు నిద్రలేమి, తలనొప్పి తగ్గుతాయన్న మాటలను నేను పట్టించుకోలేదు; మంచి వాసన వస్తే చాలు.

అసలు లోపం వత్తిది. కరిగిన తేనెమైనం చిక్కగా ఉంటుంది కనుక దానిని పైకి పీల్చుకోవడానికి లావుపాటి వత్తి కావాలి. ఇందులో ఇచ్చినవి మామూలు పారఫిన్ కొవ్వొత్తులకు సరిపోయేంత సన్నవి. మంట చుట్టూ చిన్న బావి తవ్వినట్లు కరిగి, అంచున వేలెడు మందాన మైనం మిగిలిపోయి, చివరకు వత్తి అందులోనే మునిగి ఆరిపోయింది. మూడు వత్తులను జడలా అల్లి, కరిగిన మైనంలో ముంచి ఆరబెట్టి వాడితే రెండు గంటల్లో మైనం అంచు దాకా కరిగింది. ఈ సంగతి అమ్మినవారికి రాస్తే, వారం లోపలే కొత్త వత్తుల కట్ట పంపారు. అవీ అంతే సన్నగా ఉన్నాయి.