ఫ్లెక్స్‌నెట్ లైసెన్సు సర్వరు సమీక్ష: ఫ్లోటింగ్ లైసెన్సు మీ సంస్థకు గిట్టుబాటవుతుందా?

ఖరీదైన ఇంజనీరింగు సాఫ్ట్‌వేరు కొనబోతే సాధారణంగా మూడు పద్ధతులు ఎదురవుతాయి. ఒక్కో ఉద్యోగి పేరున లైసెన్సు, ఒక్కో కంప్యూటరుకు కట్టిన లైసెన్సు, అవసరమైనవాళ్లు తీసుకుని పనయ్యాక వదిలేసే ఫ్లోటింగ్ లైసెన్సు. మూడోది తీసుకుంటే చాలాచోట్ల దాన్ని నడిపేది ఫ్లెక్స్‌నెట్ పబ్లిషర్ అనే లైసెన్సు నిర్వహణ సాఫ్ట్‌వేరు. పాతవాళ్లు ఇప్పటికీ ఫ్లెక్స్‌ఎల్‌ఎమ్ అనే అంటారు. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం: ఇది గట్టి సరుకే, కానీ వాడకాన్ని కొలవకుండా కొంటే డబ్బు దండగ.

ముందు లెక్క చూద్దాం. పేరు మీద ఇచ్చే లైసెన్సు ధర 100, ఫ్లోటింగ్ ధర 160 అనుకోండి. 60 మంది ఉన్న సంస్థకు మొదటి పద్ధతిలో 6,000 అవుతుంది. ఆ డబ్బుకు 37 ఫ్లోటింగ్ లైసెన్సులు వస్తాయి. అంటే ఒకే సమయంలో వాడేవాళ్లు 37 మించనంతవరకే ఫ్లోటింగ్ చవక. ఇక్కడ చూడాల్సింది సగటు కాదు, పని ఎక్కువగా ఉన్న రోజు మధ్యాహ్నం ఎంతమంది తెరిచారన్నది. రోజంతా దానిమీదే కూర్చునే డ్రాఫ్టింగు బృందానికి పేరు మీద లైసెన్సే నయం. వారానికి రెండు గంటలు సిమ్యులేషన్ నడిపేవాళ్లు ఎక్కువమంది ఉంటే ఫ్లోటింగ్‌కు తిరుగులేదు.

ఏర్పాటు కష్టమేమీ కాదు. సర్వరులో ఎల్‌ఎమ్‌జీఆర్‌డీ అనే ప్రధాన ప్రోగ్రాము, అమ్మకందారు ఇచ్చే వెండర్ డీమన్ (తన సాఫ్ట్‌వేరు లైసెన్సులను పంచే ప్రోగ్రాము), లైసెన్సు ఫైలు, వాడకానికి మనం పెట్టుకునే నియమాల ఆప్షన్స్ ఫైలు, జరిగినవన్నీ రాసుకునే డీబగ్ లాగ్ ఉంటాయి. లైసెన్సు ఫైల్లో సర్వరు పేరు, పోర్టు (ప్రోగ్రాము నెట్‌వర్కులో మాట్లాడే ద్వారం నంబరు), డీమన్ ఉన్న దారి మీరు మార్చుకోవచ్చు. హోస్ట్ ఐడీని (లైసెన్సు ఏ యంత్రానికి కట్టి ఉందో చెప్పే గుర్తు) గానీ లైసెన్సుల సంఖ్యను గానీ ముట్టుకుంటే ఫైల్లోని డిజిటల్ సంతకం సరిపోక ఆ లైసెన్సు చెల్లదు.

ఇబ్బంది ఎక్కువగా వచ్చేది పోర్టుల దగ్గర. ప్రధాన ప్రోగ్రాముకు పోర్టు ఇవ్వకపోతే 27000 నుంచి 27009 లోపు ఒకటి తీసుకుంటుంది. వెండర్ డీమన్ పోర్టు మాత్రం మనం ఖాయం చేయకపోతే సర్వరు మళ్లీ మొదలైనప్పుడు మారిపోవచ్చు. నిన్నటిదాకా బాగా నడిచింది ఇవాళ సర్వరు అందడం లేదని -15 లేదా -96 ఎర్రరు ఇస్తోందంటే మొదట అనుమానించాల్సింది ఫైర్‌వాల్‌నే. లైసెన్సు ఫైల్లో వెండర్ వరుస చివర పోర్టు రాసి, రెండు పోర్టులనూ ఫైర్‌వాల్‌లో తెరిస్తే చాలా ఫోన్లు తప్పుతాయి. ఎర్రరు -4 అయితే సంగతి వేరు: లైసెన్సులన్నీ వాడకంలో ఉన్నాయని అర్థం.

హోస్ట్ ఐడీగా చాలామంది నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసే (ఆ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్య) ఇస్తారు. వీపీఎన్ అడాప్టరుదో డాకింగ్ స్టేషనుదో ఇస్తే అది తీసేసిన రోజున సర్వరు లేవదు. వర్చువల్ మెషీనైతే మ్యాక్ అడ్రసును స్థిరంగా పెట్టండి; క్లోన్ చేసినప్పుడు మారిపోయేది అదే.

కొలత విషయంలో దీనికి మంచి మార్కులే వేస్తాం. ఎల్‌ఎమ్‌స్టాట్ కమాండును పదిహేను నిమిషాలకోసారి షెడ్యూలులో నడిపితే ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో వస్తుంది. డీబగ్ లాగ్ ఇంకా వివరంగా ఉంటుంది: తీసుకుంటే ఔట్, తిరిగిస్తే ఇన్, దొరక్కపోతే డినైడ్. చిక్కేమిటంటే ఒక్కో వరుసలో గంట, నిమిషం, సెకను మాత్రమే ఉంటాయి. తేదీ మధ్యమధ్యలో వచ్చే టైమ్‌స్టాంప్ వరుసల్లో వస్తుంది కాబట్టి దాన్ని పట్టుకుని కింది వరుసలకు జతచేయాలి. ఇంకొకటి, లైసెన్సు దొరకనప్పుడు కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే పదేపదే అడుగుతాయి. ఒక మనిషి ఒక్కసారి తెరవబోతే లాగ్‌లో అరడజను డినైడ్‌లు పడతాయి. ఒకే వాడుకరి, ఒకే యంత్రం, ఒకే ఫీచరు (లైసెన్సున్న సాఫ్ట్‌వేరు భాగం) అయితే కొన్ని నిమిషాల్లో వచ్చినవన్నీ ఒక్కటిగానే లెక్కించండి. ఆ పని చేయకుండా అమ్మకందారు చూపించే అంకెను నమ్మి అదనంగా కొనొద్దు.

కొనేముందు ఆప్షన్స్ ఫైలును సరిచేసి చూడండి. ఫైలు తెరిచిపెట్టి వెళ్లిపోయినవాళ్ల లైసెన్సును అందులోని టైమ్‌అవుట్ అనే సెట్టింగు వెనక్కి తెస్తుంది, సాఫ్ట్‌వేరు దాన్ని గుర్తించేలా రాసి ఉంటేనే. రిజర్వ్ అనే సెట్టింగు వాడేటప్పుడు జాగ్రత్త: ఒక బృందానికి కేటాయించినవి వాళ్లు వాడకపోయినా మిగతావాళ్లకు అందవు. ఇంటికో సైటుకో అరువు తీసుకెళ్లిన లైసెన్సు కూడా గడువు తీరేదాకా, లేదా ముందే తిరిగిచ్చేదాకా, లెక్కలోంచి తగ్గే ఉంటుంది.

ఒక సర్వరు ఆగినా పని ఆగకుండా పెట్టుకునే మూడు సర్వర్ల ఏర్పాటు మాకు అంతగా నచ్చలేదు. మూడింట్లో రెండు నడుస్తూ ఉండాలి, లైసెన్సుల సంఖ్య ఏమీ పెరగదు, నిర్వహణ మాత్రం మూడింతలు. చిన్న సంస్థకు ఒకే సర్వరు, మంచి బ్యాకప్ చాలు.

ఈ పద్ధతికి అసలు ప్రమాదం సాంకేతికమైనది కాదు. అమ్మకందారు ఎప్పుడైనా పద్ధతి మార్చేయగలడు. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ 2020 ఆగస్టు 7 నుంచి నెట్‌వర్క్ (అంటే ఫ్లోటింగ్) సబ్‌స్క్రిప్షన్లను రద్దు చేసే దిశగా అడుగువేసి, రెన్యువల్ సమయంలో ఒక్కోదానికి బదులు పేరు మీద ఇచ్చేవి రెండేసి ఇచ్చింది. ఒక్కో లైసెన్సును ఇద్దరికి మించి పంచుకుంటున్న సంస్థలకు అది నష్టమే. అందుకే ఒప్పందంలో రెన్యువల్‌కు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందని రాయించుకోండి. వేరే ఊళ్లోని, వేరే దేశంలోని ఆఫీసు ఈ సర్వరునే వాడుకోవచ్చా అన్నదీ అడగండి. సాంకేతికంగా కుదిరినా ఒప్పందాలు చాలావాటిలో దానికి అడ్డు ఉంటుంది. సర్వరు పాడైతే కొత్త హోస్ట్ ఐడీకి ఏడాదిలో ఎన్నిసార్లు మార్చి ఇస్తారో, ఈలోగా తాత్కాలిక లైసెన్సు ఎన్ని గంటల్లో పంపుతారో సంతకం పెట్టేముందే కాగితం మీద తీసుకోండి.