ఓజోన్ లెక్క: నేల మీది పెట్టెదా, ఆకాశంలోని ఉపగ్రహానిదా?

అంటార్కిటికాలోని హేలీ స్టేషన్‌లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1956 నుంచి ఓజోన్‌ను కొలుస్తున్నారు. వాళ్ల సాధనం డాబ్సన్ స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పొడవాటి పెట్టె. సూర్యకాంతిలోని రెండు అతినీలలోహిత తరంగదైర్ఘ్యాల తీవ్రతను అది పోలుస్తుంది. ఒకదాన్ని ఓజోన్ బాగా పీల్చుకుంటుంది, రెండోదాన్ని అంతగా పీల్చుకోదు. అప్పట్లో ముల్లు సున్నా దగ్గర నిలిచేదాకా చక్రాన్ని చేత్తో తిప్పాల్సి వచ్చేది, అంకె రాసుకోవాల్సి వచ్చేది. ఆ చలిలో, ఏళ్ల తరబడి!

1978లో ఎగిరిన నింబస్-7 ఉపగ్రహం తీరు వేరు. భూగోళాన్నంతా రోజూ చూసేది. విస్తృతిలో డాబ్సన్ దానికి సాటి రాదు, హేలీకి కనిపించేది తన నెత్తిమీది ఆకాశమే. ధ్రువరాత్రి (సూర్యుడు ఉదయించని చలికాలం) వస్తే ఇద్దరికీ చిక్కే, అయితే డాబ్సన్ వెన్నెలతోనూ కొంత నెట్టుకొస్తుంది.

మరి ఓజోన్ రంధ్రాన్ని ముందుగా లోకానికి చెప్పిందెవరు? హేలీయే. అక్టోబరులో 300 డాబ్సన్ యూనిట్ల (నెత్తిమీది ఓజోన్ మొత్తాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉండే ఓజోన్ 1984కి 200 కన్నా దిగువకు పడిపోయిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో ప్రకటించారు. ఉపగ్రహం కూడా ఆ పతనాన్ని చూసింది. కానీ 180 కన్నా తక్కువ విలువలను అనుమానాస్పదమని పక్కన గుర్తుపెట్టేలా దాని ప్రోగ్రామ్ రాసి ఉంది. రంధ్రం ఖండమంత విశాలమని తేల్చింది మాత్రం ఉపగ్రహమే.

ఒక్కటే ఎంచుకోమంటే నేను డాబ్సన్ వైపే ఉంటాను. నింబస్-7లోని ఓజోన్ పరికరం 1993లో ఆగిపోయింది. తర్వాత వచ్చే ప్రతి ఉపగ్రహాన్నీ నేల మీది కొలతలతోనే సరిచూసుకోవాలి.