కరెంటు పెట్టించుకున్న బ్లాడర్‌తో నాలుగేళ్లు: వాడినవి, వదిలేసినవి

2017లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి నాకు 25 రోజులు కరెంటు పెట్టారు. మా వైజాగ్ గాజువాకలో రేడియేషన్ అని ఎవరూ అనరు, కరెంటే. తర్వాత లోపలి నుంచి ఇంకో మూడు సిట్టింగులు. క్యాన్సర్ పోయింది. నాలుగేళ్లు హాయిగా ఉన్నాను. 2021లో ఒక పొద్దున మూత్రం టమాటా చారు రంగులో వచ్చింది.

ఇంటి దగ్గర క్లినిక్‌లో కల్చర్ టెస్ట్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసేది) కూడా చేయించకుండా మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ మింగించారు. అది ఇన్ఫెక్షనే కాదు. కరెంటు దెబ్బకి బ్లాడర్ గోడలోని సన్న రక్తనాళాలు మెల్లమెల్లగా మూసుకుపోతాయట. లోపలి పొర పల్చబడి రక్తం కారుతుంది, గోడ బిగుసుకుపోయి సాగడం మానేస్తుంది. నెలలకైనా బయటపడొచ్చు, ఏళ్లకైనా బయటపడొచ్చు. ఇదంతా యూరాలజిస్టు చెప్పారు. ముందు కల్చర్, ఆ తర్వాత సిస్టోస్కోపీ (సన్న కెమెరా గొట్టంతో బ్లాడర్ లోపల చూడటం) చేసి, క్యాన్సర్ తిరగబెట్టలేదని తేల్చుకున్నాకే మందు రాశారు. మీకూ ఇలాగే రక్తం పడుతుంటే ఆ రెండూ చేయించకుండా ఏ మందూ మొదలుపెట్టకండి.

ఇన్నాళ్లలో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి కేజీహెచ్ డౌన్‌లో కొన్న ప్లాస్టిక్ కొలత మగ్గు, మా అబ్బాయి పాత రూళ్ల నోటుబుక్కు. ఎన్ని గంటలకి వెళ్లాను, ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత నీళ్లు తాగాను అని రాయమన్నారు. మొదట సిగ్గేసింది. మొదటి వారం లెక్క చూస్తే రోజుకి 22 సార్లు, ఒక్కోసారి 80, 90 మిల్లీలీటర్లే. నా తెలివితక్కువతనం కూడా ఆ పుస్తకంలోనే దొరికింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సెక్కాలంటే పొద్దుట్నించీ నీళ్లు మానేసేదాన్ని. అలాంటి రోజుల్లోనే ఎక్కువసార్లు పరిగెత్తానని అంకెలు చెప్పాయి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి పుండు మీద కారం చల్లినట్టే కదా! చింతపండు మానేయమని చుట్టాలందరూ పోరారు. నెల రోజులు మానేసి చూశాను, పిసరంత తేడా లేదు. కాఫీ మానేస్తే మాత్రం రోజుకి నాలుగుసార్లు తగ్గింది. మీ ఒంటికి ఏది పడదో మీ పుస్తకమే చెబుతుంది.

మాత్రల్లో మొదట ఆక్సీబ్యుటినిన్ ఇచ్చారు. అర్జంటుగా పరిగెత్తాల్సిరావడం తగ్గింది గానీ నోరు పిడచకట్టుకుపోయి, మలబద్ధకం పట్టుకుంది. నెలన్నరకి డాక్టరే మార్చి మిరాబెగ్రాన్ రాశారు. బీపీ చూసుకుంటూ ఉండాలి, అంతే. ఇప్పటికీ అదే వేసుకుంటున్నాను.

ఖరీదైనది బ్లాడర్‌లోకి ఎక్కించే హయలురోనిక్ యాసిడ్ మందు. 50 మిల్లీలీటర్ల ద్రవంలో 40 మిల్లీగ్రాములు. సన్న పైపుతో ఎక్కిస్తారు, కనీసం అరగంట ఆపుకోవాలి. నాబోటి బ్లాడర్‌కి అరగంటంటే చిన్న తపస్సే. వారానికొకటి చొప్పున ఆరు, తర్వాత నెలకొకటి. మూడోది అయ్యేదాకా డబ్బు తగలేస్తున్నానని మా ఆయన మీద విసుక్కున్నాను. అయిదో వారానికి రాత్రిళ్లు లేవడం ఆరుసార్ల నుంచి మూడుకి దిగింది. మంట బాగా తగ్గింది. రక్తం మాత్రం దీనితో పూర్తిగా ఆగలేదు, అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంది. అది ఎక్కువైతే పీడనం పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్పించే చికిత్స ఉందనీ, గంటన్నర చొప్పున 30 నుంచి 40 సిట్టింగులు పడతాయనీ డాక్టరు చెప్పారు. నేను చేయించుకోలేదు కాబట్టి దాని మంచిచెడ్డలు చెప్పను.

ప్యాడ్ల విషయంలో ఒక మాట. నెలసరి ప్యాడ్లు దీనికి పనికిరావు, మూత్రం ఆపుకోలేనివాళ్ల కోసం చేసినవే కొనండి. ప్యాంటు డైపరు ప్రయాణాలకే. వైజాగ్ ఉక్కలో రోజంతా వేసుకుంటే తొడలు ఒరుసుకుపోతాయి. క్రీము మందంగా పూస్తే ప్యాడు సరిగ్గా పీల్చదు, అది తెలియక రెండు చీరలు పాడుచేసుకున్నాను.

2022 డిసెంబరులో ఒక రాత్రి రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా అయింది. తెల్లారాక చూద్దామన్నాను, మా ఆయన వినకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లారు. లావు పైపు వేసి బ్లాడర్ కడిగితే గానీ ప్రాణం కుదుటపడలేదు. గడ్డలు పడి మూత్రం రాకపోతే తెల్లారేదాకా కూర్చోకండి.

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఒకప్పుడు ఏటా నడిచేదాన్ని. ఈసారి గోపాలపట్నంలో మా వదిన ఇంటి అరుగు మీద కూర్చుని, నడిచేవాళ్లకి మజ్జిగ పోశాను. ఆ రోజు పుస్తకంలో 13 అని రాసుకున్నాను.