తెల్ల దీపం వెలుగుతుంటే ట్రే ముట్టవద్దు: ప్రోలయంట్ డీఎల్380పీ జెన్8, ఏళ్ల వాడకం తర్వాత

పాత సర్వర్ కొనడానికి వెళ్లినవాళ్లు ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి గంటసేపు అడుగుతారు. నడుస్తుండగా డిస్కు మార్చవచ్చా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా, అమ్మే మనిషి ముందు భాగం తెరిచి, ట్రేను సర్రున లాగి చూపించి, ‘హాట్ స్వాప్ సార్’ అంటాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. ట్రే బయటికి వచ్చినంత మాత్రాన ఆ మాట నిజమైపోదు.

ఇందుకు మంచి ఉదాహరణ హెచ్‌పీ ప్రోలయంట్ సర్వర్ల ఎనిమిదో తరం, అంటే జెన్8లోనే ఉంది. మా దగ్గర ఆ తరం పెద్ద సర్వర్ డీఎల్380పీ, చిన్నదైన మైక్రోసర్వర్ రెండూ ఏళ్లుగా నడుస్తున్నాయి. మైక్రోసర్వర్ తలుపు తీస్తే నాలుగు డిస్కులు, ఒక్కోదానికీ చక్కటి ట్రే, లాగితే వచ్చేస్తుంది. చూడటానికి పెద్ద సర్వర్‌కు తమ్ముడిలా ఉంటుంది. కానీ కంపెనీ స్పెసిఫికేషన్ పత్రంలోనే ఆ నాలుగు స్థానాలూ ‘నాన్ హాట్ ప్లగ్’ అని స్పష్టంగా రాసి ఉంది. అంటే యంత్రం ఆపాకే డిస్కు తీయాలి. అది లోపం కాదు, ఆ ధరకు చేసిన ఎంపిక. ఆ పత్రం చదవకుండా ట్రేను చూసి నిర్ణయించుకునేవాళ్లతోనే చిక్కు.

డీఎల్380పీ సంగతి వేరు. ఇందులో డిస్కులు బ్యాక్‌ప్లేన్‌కు, అంటే కేబుళ్లు లేకుండా నేరుగా గుచ్చుకునే బోర్డుకు తగులుతాయి. దాని వెనుక స్మార్ట్ అరే పీ420ఐ రెయిడ్ కంట్రోలర్ ఉంటుంది. రెయిడ్ అంటే పలు డిస్కులను కలిపి ఒకటిగా నడిపే పద్ధతి, దాన్ని నడిపించేది కంట్రోలర్. నడుస్తుండగా తీయదగిన భాగాల పిడులకు మెరూన్ రంగు వేయడం హెచ్‌పీ అలవాటు. డెల్ యంత్రాల్లో ఆ పని నారింజ రంగుది. అక్కడ నీలం రంగు కనిపిస్తే, చేత్తో పట్టుకోవచ్చు గానీ యంత్రం నడుస్తుండగా తీయకూడదని అర్థం. రంగు చూడటం తొలి పరీక్ష. ఆ తర్వాత మోడల్ నంబరుతో స్పెసిఫికేషన్ పత్రం చూడాలి, ఎందుకంటే ఒకే మోడల్‌ను రెండు రకాల ఛాసిస్‌లతో (పెట్టెలతో) అమ్మడం మామూలే. డెల్ ఆర్230 అలాంటిదే: ఒక రకంలో డిస్కులకు నేరుగా కేబుళ్లు, ఇంకో రకంలో బ్యాక్‌ప్లేన్.

మామూలు కంప్యూటర్లలోనూ వాడే సాటా రకం డిస్కులన్నీ హాట్ ప్లగ్‌కు పనికొస్తాయి కదా అనే వాదన తరచుగా వింటాను. సగమే నిజం. సాటా కనెక్టరులో గ్రౌండ్ పిన్నులు ముందుగా తగిలేలా పొడవుగా ఉంటాయి, కాబట్టి డిస్కు వైపు ఏర్పాటు ఉన్నట్టే. కానీ డిస్కుతో మాట్లాడే కంట్రోలర్ కొత్తదైన ఏహెచ్‌సీఐ పద్ధతిలో కాకుండా పాత ఐడీఈ పద్ధతిలో నడుస్తుంటే, లేదా యంత్రం మొదలయ్యేటప్పటి సెట్టింగులైన బయాస్‌లో ఆ పోర్టుకు హాట్ ప్లగ్ ఆపి ఉంటే, కొత్త డిస్కు పెట్టినా ఆపరేటింగ్ సిస్టం దాన్ని గుర్తించదు.

ఇవన్నీ దాటాక మిగిలేదే అసలు ప్రశ్న: ఈ డిస్కును, ఈ క్షణంలో తీస్తే డేటా ఉంటుందా? డీఎల్380పీని నేను మెచ్చుకునేది ఇక్కడే. జెన్8తో వచ్చిన ట్రేలకు ‘తీయవద్దు’ అని చెప్పే తెల్ల దీపం ఉంది. ఆ డిస్కు తీస్తే ఏదో ఒక లాజికల్ డ్రైవ్ (కంట్రోలర్ డిస్కులను కలిపి ఒకే డ్రైవ్‌గా చూపించేది) కూలిపోతుందనుకున్నప్పుడు అది వెలుగుతుంది. ఒక్క డిస్కు పోవడాన్ని మాత్రమే తట్టుకునే రెయిడ్ 5లో ఒక డిస్కు చచ్చిపోతే మిగతావన్నీ తెల్లగా వెలుగుతాయి. డిస్కులను జంటలుగా ఉంచి ఒకే డేటాను రెండింటిలోనూ రాసే రెయిడ్ 1+0లో అయితే చచ్చిన డిస్కుకు జంట అయిన ఒక్కటే వెలుగుతుంది. రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6లో ఒకటి పోయినా మిగతావి నిశ్చింతగా ఉంటాయి, రెండోది పోతే అన్నీ తెల్లబడతాయి. రాత్రి పూట నిద్రకళ్లతో సర్వర్ గదిలోకి వెళ్లిన మనిషికి ఇంతకన్నా మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

మిగతా దీపాలూ అర్థవంతమైనవే. నిలకడగా కాషాయం ఉంటే డిస్కు పోయింది. కాషాయం, ఆకుపచ్చ మార్చి మార్చి మెరిస్తే పోబోతోంది. ఆకుపచ్చ మిణుకుమిణుకుమంటే రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటాను మళ్లీ నింపడం) వంటి పని నడుస్తోంది, జోలికి వెళ్లవద్దు. హెచ్‌పీ సాఫ్ట్‌వేర్ స్మార్ట్ స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్ నుంచి ఫలానా డిస్కును చూపించమంటే నీలం వెలుగుతుంది. నేను నీలం వెలిగించకుండా ఏ ట్రే మీదా చెయ్యి వేయను, బే (ట్రే స్థానం) నంబరు నోటికి వచ్చినా సరే.

ఈ తెల్ల దీపానికీ హద్దు ఉంది. పీ420ఐ కింద ఒక్కో డిస్కును విడిగా, ఏ రక్షణా లేని రెయిడ్ 0గా చేసి, పైన లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయిన ఎండీ రెయిడ్ నడిపేవాళ్లు చాలామంది. అప్పుడు కంట్రోలర్‌కు పైన ఉన్న రక్షణ కనిపించదు. దాని లెక్కలో ప్రతి డిస్కూ దిక్కులేనిదే, కాబట్టి అన్ని ట్రేలూ ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. పైగా చెడిన డిస్కు మార్చినా ఆ లాజికల్ డ్రైవ్ దానంతట అది లేవదు. కమాండుతో మళ్లీ ప్రారంభించి, ఆ తర్వాత ఎండీ రెయిడ్‌లో చేర్చాలి. రెయిడ్‌ను సాఫ్ట్‌వేర్‌కే అప్పగించాలనుకుంటే నా దృష్టిలో ఈ కంట్రోలర్ సరైనది కాదు.

మార్చేటప్పుడు నా పద్ధతి పాతకాలపుది. ముందు బ్యాకప్ తాజాగా ఉందో లేదో చూస్తాను. గొళ్లెం విప్పి ట్రేను కొద్దిగా మాత్రమే బయటికి లాగి, లోపలి పళ్లేలు తిరగడం ఆగేదాకా అర నిమిషం ఆగుతాను. తిరుగుతున్న డిస్కును ఒక్క ఊపున లాగి చేతిలో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కొత్తది పెట్టాక రీబిల్డ్ మొదలైందని దీపంలోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ చూశాకే గది తలుపు వేస్తాను. 4 టెరాబైట్ల డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో నిండినా పదకొండు గంటలు పడుతుంది. సర్వర్‌పై పని నడుస్తుంటే ఇంకా ఎక్కువ. రెయిడ్ 5లో ఆ గంటలన్నీ రక్షణ లేనివే, అందుకే పెద్ద డిస్కులకు నేను రెయిడ్ 6 కన్నా తక్కువ ఒప్పుకోను.

సర్వర్ ఆపి మార్చడమే క్షేమం కదా అని మా పెద్దవాళ్లు అంటుంటారు. మైక్రోసర్వర్‌లో వేరే దారి లేదు, ఆపాల్సిందే. డీఎల్380పీలో మాత్రం ఆపను. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కులు చల్లారాక మళ్లీ తిరుగుతాయన్న హామీ ఉండదు.

కంప్లయింట్లు కూడా ఉన్నాయి. ఫ్యాన్ల మోత పక్క గదికి వినిపిస్తుంది. హెచ్‌పీవి కాని డిస్కులు పెడితే ఆ మోత ఇంకా పెరగవచ్చు. పాత సర్వర్లు తరచుగా ట్రేలు లేకుండా వస్తాయి. చవగ్గా దొరికే నకిలీ ట్రేల్లో డిస్కు నడుస్తుంది గానీ దీపాలు వెలగకపోవచ్చు. తెల్ల దీపం లేకపోతే ఈ యంత్రం కొనడానికి నాకు ఉన్న కారణమే పోయినట్టు. కాబట్టి బేరం కుదుర్చుకునే ముందే ట్రేలు లెక్కపెట్టుకోండి. తక్కువైతే జెన్9 ట్రేలు దీనికి సరిపోతాయి, జెన్7 వి పట్టవు.