80 ఎంఎం స్కోపా, 50 ఎంఎం స్కోపా: రెండూ వాడాక నా లెక్క

పులికాట్ రోడ్డు మీద, కాకినాడ తీరంలో, కొల్లేటి గట్ల మీద నీటిపక్షుల్ని చూసేవాళ్లకి ఒక దశ దాటాక బైనాక్యులర్స్ చాలవు. పక్షి కనిపిస్తుంది, అదేంటో తేలదు. అప్పుడు స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద నిలబెట్టి ఒంటి కన్నుతో చూసే దుర్భిణి) కొందామనుకుంటారు, అనుకున్న వెంటనే పెద్దదా చిన్నదా అన్న దగ్గర ఆగిపోతారు. నా దగ్గర రెండూ ఉన్నాయి. పెద్దదాని ముందు అద్దం 80 ఎంఎం, జూమ్ 20 నుంచి 60 రెట్లు. చాలా ఏళ్లుగా దానితోనే తిరిగాను. చిన్నది 50 ఎంఎం, 15 నుంచి 45 రెట్లు. అది తర్వాత వచ్చింది. కంపెనీ పేర్లు రాయడం లేదు. రెండూ మధ్యరకం ధరవే, రెండింట్లోనూ ఈడీ గ్లాసే (బొమ్మ చుట్టూ రంగు అంచులు రాకుండా చూసే మేలురకం అద్దం), కాబట్టి తేడా దాదాపు అంతా సైజుదే.

ముందే తేల్చి చెబుతాను. మన ప్రాంతంలో పెద్ద స్కోప్ తన ధరకి న్యాయం చేసేది పొద్దున మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి గంట. మధ్యలో పొద్దంతా రెండూ ఒకటే. కొనేముందు అడుక్కోవాల్సింది ‘నేను పక్షుల దగ్గరికి ఎన్నింటికి చేరుకోగలను, ఎలా చేరుకుంటాను’ అని.

జనవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద పొద్దున ఏడింటికి పెద్ద స్కోప్ నిలబెడితే, బాగా దూరాన ఉన్న ఫ్లెమింగోల గుంపులో కూడా ఒక్కోదాని ముక్కు విడిగా తెలుస్తుంది. గ్రేటర్ ఫ్లెమింగో ముక్కు గులాబీ రంగు, కొస మాత్రం నలుపు. వాటి మధ్య ఎప్పుడైనా ఒక లెసర్ ఫ్లెమింగో కలిసిపోయి ఉంటుంది, దాని ముక్కు మొదలు నుంచీ ముదురు రంగే. రోడ్డు పక్కన నిలబడి ఆ తేడా పట్టుకోవాలంటే 45, 50 రెట్లు కావాలి, అక్కడ బొమ్మ మసకబారకూడదు. ఇది 80 చేసే పని. అదే చోట తొమ్మిదిన్నర, పది అయ్యేసరికి నీటి మీద గాలి మరగడం మొదలవుతుంది. ఫ్లెమింగో కాళ్లు మెలికలు తిరుగుతాయి, ముక్కు కరిగి మొహంలో కలిసిపోతుంది. జూమ్ పెంచితే ఆ వణుకే పెద్దగా కనిపిస్తుంది. ఇక 25 రెట్లకి దిగాల్సిందే. అంతకే పరిమితమైనప్పుడు 50 ఎంఎం కూడా దాదాపు అంతే చూపిస్తుంది. లక్షలు పోసినా గాలిని ఆపే అద్దం దొరకదు. ఎండిన చెరువు గర్భం మీద, రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాల్లో ఈ మరుగు ఇంకా ముందే మొదలవుతుంది.

ఎండ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. స్కోప్ సైజు గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో పట్టించుకోరు. మనది తూర్పు తీరం. పొద్దున సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఏ స్కోప్ పెట్టినా బురద మీద తిరిగే ఉల్లంకులన్నీ నల్లటి నీడల్లాగే కనిపిస్తాయి. పులికాట్ రోడ్డు ఇంచుమించు తూర్పుగా పోతుంది, సరస్సు రెండు వైపులా ఉంటుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు చూస్తే ఎండ వీపుకి తగులుతుంది, రంగులు బాగా తెలుస్తాయి. ఎండ వీపు మీద పెట్టుకుని చిన్న స్కోప్‌తో చూసేవాడు, ఎండకి ఎదురుగా పెద్ద స్కోప్ పెట్టుకున్నవాడికంటే ఎక్కువ చూస్తాడు.

ఇక వెలుతురు లెక్క. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి కడ్డీ మందం వస్తుంది. 80ని 40 రెట్లలో పెడితే 2 ఎంఎం, 50ని అదే 40లో పెడితే 1.25. విస్తీర్ణంలో చూస్తే పెద్దది పట్టే వెలుగు రెండున్నర రెట్లు. పట్టపగలు ఈ తేడా పెద్దగా తెలియదు. తెల్లవారుజామున సింగూరు బ్యాక్‌వాటర్ దగ్గర బార్ హెడెడ్ గూస్‌ల కోసం ఎదురుచూస్తుంటే తెలుస్తుంది. పెద్దదానిలో తల మీది రెండు నల్ల పట్టీలు కనిపించే వేళకి చిన్నదానిలో ‘ఏవో బాతులు’ దాకానే వస్తుంది. మంగోలియాలో మెడకి పట్టీ కట్టిన గూస్‌లు మన దేశంలో కనిపించిన సందర్భాలున్నాయి. ఆ పట్టీ మీద అక్షరాలు చదవాలనే ఆశ ఉంటే చిన్నదానితో కష్టం.

యాభై దాటినవాళ్లకి ఇంకో సంగతి, దీన్ని కొట్లో ఎవరూ చెప్పరు. కాంతి కడ్డీ సన్నబడేకొద్దీ మన కంట్లో తేలే మచ్చలు, పోగులు చూపుకి అడ్డం పడతాయి. చిన్న స్కోప్‌ని 45 రెట్లలో పెట్టి ఆకాశం రంగు నీటి మీద బాతుని చూస్తుంటే, ఆ బాతు పక్కనే నా కంటిలోని పోగు కూడా ఈదుతుంటుంది. 80లో 40 దగ్గర ఆ బాధ బాగా తక్కువ. కుర్రవాళ్లకి ఇది అసలు సమస్యే కాదు. కళ్లజోడు ఉన్నవాళ్లు ఐపీస్ (మనం కన్ను పెట్టే వైపు అద్దం) నుంచి కన్ను ఎంత దూరంలో ఉండొచ్చో తప్పకుండా చూసుకోవాలి. 15 ఎంఎం కన్నా తక్కువ అయితే చుట్టూ నల్ల అంచు కనిపించి విసుగొస్తుంది.

కాకినాడలో కుంభాభిషేకం అనే చోట బురద మేటల మీద చిన్న వేడర్లని (బురదలో మేసే ఉల్లంకుల్లాంటి పక్షుల్ని) చూడటం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. పక్షి పిడికెడు ఉండదు, కాలికి చిన్న రంగు జెండా ఉంటుంది, దాని మీద రెండు మూడు అక్షరాలు. ఎక్కడో ఎవరో పట్టి కట్టి వదిలిన పక్షి. 20 రెట్లలో జెండా రంగు తెలుస్తుంది. 30లో అక్షరాలున్నాయని తెలుస్తుంది. చదవాలంటే 50 పైన ఉండాలి, అది కూడా పక్షి పక్కకి తిరిగి ఒక్క క్షణం ఆగినప్పుడు. ఐపీస్‌కి ఫోన్ బిగించి వీడియో తీసి, ఇంటికొచ్చాక ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే ఇంగ్లిష్ ‘ఇ’ కాస్తా ‘ఎఫ్’ అని తేలిన రోజులున్నాయి. చిన్నదానికీ ఫోన్ బిగించొచ్చు, కానీ ఫోన్ బరువుకి ముక్కు పైకి లేస్తుంది, దాన్ని సర్దేలోపు పక్షి పోతుంది. పైగా ఈ మధ్య లెసర్ శాండ్ ప్లోవర్‌ని సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడగొట్టి మన పని ఇంకా పెంచారు.

అయితే అక్కడే చిన్న స్కోప్ గెలిచే దారి కూడా ఉంది. పోటు వచ్చే వేళ చూసుకుని, నీళ్లు పూర్తిగా పైకి రావడానికి రెండు గంటల ముందే వెళ్లి ఒకచోట కదలకుండా కూర్చుంటే, నీరు పెరిగేకొద్దీ పక్షులు వాటంతటవే మనవైపు జరుగుతాయి. గ్రేట్ నాట్‌లు, కర్లూ శాండ్‌పైపర్లు చూస్తుండగానే దగ్గరికొస్తాయి. అప్పుడు 30 రెట్లు ధారాళంగా చాలు. పోటు టైము చూసుకోకుండా ఆటు వేళ వెళ్లేవాళ్లకి 95 ఎంఎం కొనిచ్చినా లాభం లేదు.

ఇక మోత. పెద్ద స్కోప్ కేసుతో కలిపి రెండు కిలోలు, దాన్ని నిలబెట్టే ట్రైపాడ్, వీడియో హెడ్డు కలిపి మూడు కిలోల పైనే. కారు ఉంటే ఫర్వాలేదు. ఆర్టీసీ బస్సులో, బైకు వెనక కూర్చుని వెళ్లేవాళ్లకి అది శిక్ష. బావమరిది బైకు నడుపుతుంటే నేను వెనక ట్రైపాడ్‌ని చంటిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని వెళ్లేవాణ్ని. గతుకు వచ్చినప్పుడల్లా దాని హ్యాండిల్ అతని వీపులో పొడిచేది. చిన్నది వచ్చాక అన్నం డబ్బా, నీళ్ల సీసాతో పాటు ఒకే బ్యాగులో సర్దుకుంటున్నాను. ఊరికే చెరువు గట్టుకి వెళ్లే రోజున కూడా అది చేతికి వస్తుంది. పెద్దది ‘ఈ రోజు ఎందుకులే’ అనిపించి బీరువాలో ఉండిపోతుంది.

కానీ చిన్న స్కోప్ కొన్నాం కదా అని బొమ్మలాంటి ట్రైపాడ్ కొనకండి. పులికాట్‌లో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. తేలిక ట్రైపాడ్ మీద తేలిక స్కోప్ పెడితే 40 రెట్లలో బొమ్మ నిలవదు. బరువైన స్కోప్‌కి ఇక్కడ ఒక సుగుణం ఉంది, దాని బరువే దాన్ని కదలనివ్వదు. చిన్నదానికి నేను చేసే ఉపాయం: మధ్య కాలమ్ అసలు పైకి లేపను, కాళ్లు సగమే తీస్తాను, కాలమ్ కింది కొక్కేనికి బ్యాగు తగిలిస్తాను, నేను నేల మీద కూర్చుంటాను. అలా కూర్చుంటే పక్షులు కూడా తక్కువ బెదురుతాయి. చూపు చెరువు మట్టానికి దిగుతుంది కాబట్టి గాలి మరుగు కాస్త ఎక్కువ కనిపిస్తుంది, అదొక్కటే ఇబ్బంది.

లెక్కపెట్టే పనికి చిన్నదే నాకు నచ్చింది. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ లాంటి వాటిలో బాతుల గుంపుని ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పోవాలి. 15 రెట్లలో కనిపించే వెడల్పు ఎక్కువ, గుంపు తెగిపోదు. పెద్దదానిలో 20 దగ్గర మొదలు కాబట్టి కాస్త ఇరుకు.

కొల్లేటి ఆటపాకలో పడవ ఎక్కితే రెండూ దండగే. ఊగే పడవలో స్కోప్ పనిచేయదు, గూడబాతులు (పెలికాన్లు) ఎలాగూ బైనాక్యులర్స్‌కే బాగా కనిపిస్తాయి. నేలపట్టు టవర్ మీద కూడా అంతే.

పెద్ద ట్యూబ్ ట్రైపాడ్ మీద నిలబెట్టగానే చుట్టూ పిల్లలు చేరతారు. ఎవరికి చూపించినా మొదటి పని రెండు చేతులతో గొట్టాన్ని గట్టిగా పట్టుకుని తమ వైపు లాగడం. అందులో పక్షి ఎప్పుడో పోయి నీళ్లు మాత్రమే ఉంటాయి, అయినా ‘కనిపించింది అంకుల్’ అంటారు. వంపు ఐపీస్ అయితే ట్రైపాడ్ పిల్లల ఎత్తుకి పెట్టి పెద్దవాళ్లు వంగి చూడొచ్చు. నిటారు రకం కొంటే ప్రతి ఒక్కరికీ ఎత్తు మార్చాలి. ఒంటరిగా, ఎక్కువగా కారు కిటికీలోంచి చూసేవాళ్లకి మాత్రం నిటారుదే హాయి.

చాలామంది ఇచ్చే సలహా ‘మధ్యేమార్గంగా 65 తీసుకో’ అని. నాకు అంత నచ్చదు. ఒకే కంపెనీవాళ్ల 65కీ 80కీ బరువులో తేడా చాలాసార్లు కొద్దిగానే, ట్రైపాడ్ మాత్రం అదే కావాలి. మోత తగ్గినట్టే ఉండి తగ్గదు. తేడా నిజంగా తెలిసేది 50-56 దగ్గరికి దిగినప్పుడు. కోవా టీఎస్‌ఎన్-553 ఐపీస్‌తో సహా దాదాపు 800 గ్రాములు. స్వరోవ్‌స్కీ ఏటీసీ 17-40×56 కిలో లోపే. కోవా 88 ఎంఎం మోడల్ టీఎస్‌ఎన్-883 ఐపీస్ లేకుండానే కిలోన్నర. అయితే ఇవన్నీ లక్ష దాటే వస్తువులు. పేరున్న ఫ్లోరైట్ (ఈడీ కన్నా మేలురకం అద్దం) 55 ధరలో మామూలు ఈడీ 80 వచ్చి, మంచి ట్రైపాడ్‌కి కూడా డబ్బు మిగులుతుంది. అదే ఈడీ లేని చవక 80 అయితే వద్దే వద్దు. 60 రెట్లలో తెల్ల కొంగ చుట్టూ ఊదారంగు అంచు కనిపిస్తుంది, ఆ డబ్బుకి బుద్ధిగా 50 ఈడీ కొనుక్కోవచ్చు.

కారు ఉండి, తెల్లారేసరికి గట్టు మీద ఉండగలిగి, జెండాలు, గల్స్ (సముద్రపు పక్షులు), దూరపు బాతుల మీద మనసుంటే 80 తీసుకోండి. బస్సు, బైకు, నడక అయితే 50. నాకు ఒక్కటే ఉంచుకోమంటే చిన్నదే ఉంచుకుంటాను, కాకినాడ వెళ్లిన ప్రతిసారీ పెద్దదాన్ని తలచుకుంటాను. తీర ప్రాంతాల వాళ్లు ఏది కొన్నా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, వానాకాలంలో అద్దానికి ఫంగస్ పడితే బాగుచేయించడం కొత్తది కొన్నంత పని.

కొట్లో చూసేటప్పుడు లోపలి ట్యూబ్‌లైట్ల కింద పరీక్షించకండి. సాయంత్రం చీకటి పడే వేళ వెళ్లి, స్కోప్ బయట పెట్టించి, వీధి చివర ఆగిన బండి నంబర్ ప్లేటుని పూర్తి జూమ్‌లో చదవండి. ఫోకస్ చక్రం తిప్పుతుంటే అంకెలు ఒక్కచోట టక్కున తేటపడి, దాటగానే మళ్లీ చెదరాలి. ఎంత తిప్పినా ‘ఇదేనా, ఇంకొంచెమా’ అనిపిస్తూనే ఉంటే ఆ పీసు పక్కనపెట్టి అదే మోడల్‌లో ఇంకోటి తీయమనండి.